భుజం చూసేవాళ్లు, బస్సు కిరాయి ఇచ్చేవాళ్లు

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు వరుసగా నిలబడతారు. ఒక్కొక్కరి చేతికి కిలో బరువున్న మెడిసిన్ బాల్ అందుతుంది. గీత దాటకుండా దాన్ని ఎంత దూరం విసిరితే అంత మంచిది. టేపు పట్టుకున్న పీఈటీ సారు దూరం చదువుతాడు, పక్కనున్న మరో సారు రాసుకుంటాడు. హైదరాబాద్ శివారులోని హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి సీటు కోసం జరిగే ఎంపిక ఇది. ఆర్మూర్ పిల్లవాడైనా ఆదిలాబాద్ పిల్లైనా మొదట మండలంలో, తర్వాత జిల్లాలో, ఆఖరికి రాష్ట్రస్థాయిలో నెగ్గాలి. బంతి విసరడంతోపాటు 30 మీటర్ల పరుగు, 6×10 మీటర్ల షటిల్ రన్, నిలబడిన చోటు నుంచి ముందుకు దూకడం, పైకి ఎగరడం, వంగి చేతులు చాచడం, 800 మీటర్ల పరుగు ఉంటాయి. ఎత్తు, బరువు సరేసరి. ఈ పాఠశాల 1993లో మొదలైంది.

ఈ పరీక్షల్లో ఎక్కడా ఆట లేదు. ఎవరూ ఎవరితోనూ తలపడరు. పిల్లవాడికి కబడ్డీ వచ్చా, క్రికెట్ వచ్చా అని అడిగేవారు ఉండరు. ఒంట్లో ఏముందో కొలిచి, ఏ ఆట అబ్బుతుందో తర్వాత తేల్చుకుంటారు. ఓడిపోయిన పిల్లల తల్లిదండ్రులకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది కానీ, ఈ పద్ధతిలో ఒక న్యాయం ఉంది. ఆట నేర్పే సారు లేని ఊరి పిల్లకూ, సామాన్లు కొనలేని ఇంటి పిల్లకూ టేపు ఒకే దూరం చూపిస్తుంది.

పిల్లల్లోని ఆటను పసిగట్టడం అమెరికా బేస్‌బాల్‌లో పెద్ద వృత్తి. కాలేజీ జట్టులో బంతి విసిరే పిచ్చర్‌ను చూడడానికి ప్రొఫెషనల్ క్లబ్బుల మనుషులు ఊరూరా తిరుగుతారు. వాళ్లను స్కౌట్లంటారు. బంతి వేగం ఎంత, గాలిలో ఎలా మలుపు తీసుకుంటోంది, అనుకున్న చోటనే పడుతోందా అని చూసి ఒక్కోదానికి 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 వస్తే అగ్రశ్రేణి లీగ్‌లో సగటు ఆటగాడని అర్థం. 1965లో డ్రాఫ్ట్ పద్ధతి వచ్చాక క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకోవాల్సి వచ్చింది. దాంతో ఈ మార్కుల విలువ ఇంకా పెరిగింది. 1974లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కోచ్ డానీ లిట్‌వైలర్ క్యాంపస్ పోలీసులు వేగంగా పోయే కార్లను పట్టుకునే రాడార్ గురించి చదివి, దానితో పిచ్చర్ బంతిని కొలిచి చూశాడు. తర్వాత స్కౌట్ల చేతుల్లోకి వచ్చిన స్పీడ్‌గన్‌కు మూలం అదే. అదే ఏడాది ఫ్రాంక్ జోబ్ అనే సర్జన్ టామీ జాన్ అనే పిచ్చర్ మోచేతిలో తెగిపోయిన లిగమెంట్‌కు బదులు ముంజేతి నుంచి తీసిన స్నాయువును వేసి కుట్టాడు. ఆట ముగిసిందనుకున్న ఆ మనిషి 1989 దాకా ఆడాడు. బంతి వేగాన్ని కొలిచే యంత్రం, చెడిన చేతిని బాగుచేసే శస్త్రచికిత్స, రెండూ ఒక్క ఏడాదే పుట్టాయి.

ఆ కళ్లు ఒకసారి మన దేశం మీదా పడ్డాయి. 2008లో జె.బి. బెర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఏజెంట్ ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పేరుతో టీవీ పోటీ పెట్టి వేలమంది కుర్రాళ్ల చేత బంతి వేయించాడు. నెగ్గిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లు. బేస్‌బాల్ ముట్టుకోవడమే వాళ్లకు కొత్త. అయినా అదే ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. అగ్రశ్రేణి లీగ్ మైదానంలో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడుగుపెట్టలేదు. రింకూ తర్వాత ప్రొఫెషనల్ రెజ్లర్ అయ్యాడు.

నిజామాబాద్ యార్డులో పసుపు కొనే వ్యాపారి కొమ్మును పుటుక్కున విరిచి లోపలి రంగు చూస్తాడు. అది చూశాకే ధర చెబుతాడు. ఆటగాడిని అలా విరిచి చూడడం కుదరదు. పదమూడేళ్ల పిల్ల పరుగు చూసి పాతికేళ్ల వయసులో ఆమె ఏమవుతుందో చెప్పాలి. ఆర్మూర్, బోధన్, బాల్కొండ ప్రాంతాల్లో ఈ చెప్పడమనేది చాలా కాలంగా సాగుతోంది. ఆ చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడ పిల్లల్లో ఆటను కనిపెట్టే కంటికి ఎప్పుడూ కరువు రాలేదు. కనిపెట్టాక దారి ఖర్చు, కూడు, ఆ తర్వాత బతుకుతెరువు ఎవరిస్తారన్న దగ్గరే దారులు తెగిపోయాయి.

కుస్తీతో మొదలుపెట్టాలి. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న నిజామాబాద్ జిల్లాలో తాలీం (కుస్తీ నేర్పే చోటు), వస్తాద్ (కుస్తీ గురువు) అనే మాటలు ఇంకా బతికే ఉన్నాయి. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే నెలల్లోనే హోలీ వస్తుంది, వెంటనే ఉగాది, దాని వెనకే ఊరూరా జాతరలు. ఆ జాతరల్లో కుస్తీ పోటీలు పెట్టే బాధ్యతను చాలా ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలే తీసుకుంటాయి. పోటీ కొబ్బరికాయ కుస్తీతో మొదలవుతుంది. చిన్న పిల్లలు పట్టుపడతారు, గెలిచినవాడికి కొబ్బరికాయ. తర్వాత పదులు, వందల రూపాయల కుస్తీలు నడుస్తాయి. ఆఖరి పట్టుకు వెండి కడెం. నాందేడ్, దెగ్లూర్ వైపు నుంచి మల్లులు వస్తారు, కడెం చాలాసార్లు వాళ్లతోనే పోతుంది.

కొబ్బరికాయ నుంచి కడెం దాకా సాగే ఆ మెట్ల వరుస ఒక ఎంపిక పద్ధతే. వస్తాద్ దృష్టి గెలిచినవాడి మీదే ఆగదు. ఎవడు కింద పడినా నడుము తిప్పుకుని లేచాడు, ఎవడి మెడ వంగలేదు, ఎవడికి ఊపిరి త్వరగా అందింది అన్నవి చూసుకుంటాడు. నచ్చిన పిల్లవాణ్ణి తాలీంకు రమ్మంటాడు. అక్కడిదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత పాలు, బాదం, నెయ్యి ఎవరు కొనాలి? కూలికి పోయే ఇంట్లో పహిల్వాన్‌ను పెంచడం తేలిక కాదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ సంస్థానాధీశుడు శాహూ మహరాజ్ తాలీంలను, మల్లులను పోషించాడు. గోదావరికి ఇటువైపు అంత అండ దొరకలేదు. పంటలతో పాటు కుస్తీ సీజనూ వచ్చి వెళ్లిపోయేది, మల్లుడు మళ్లీ పొలానికి పోయేవాడు.

బోధన్ ప్రాంతంలోని హున్సా గ్రామంలో హోలీ సాయంత్రం పిడిగుద్దులాట జరుగుతుంది. వందేళ్లకు పైబడిన ఆచారమని ఊరివాళ్లు చెబుతారు. మధ్యాహ్నం కుస్తీలు ముగిశాక ఊరు రెండు జట్లై, మధ్యలో కట్టిన తాడు పట్టుకుని కాసేపు పిడికిళ్లతో గుద్దుకుంటుంది. ఆ తర్వాత దెబ్బలకు కాముడి బూడిద రాసుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. పోలీసులు వద్దన్న ఏళ్లలోనూ ఆట ఆగలేదు. ఆ గుంపులోంచి బాక్సర్‌ను ఏరుకున్నవారెవరూ లేరు. జిల్లాకు ప్రపంచ బాక్సింగ్ కిరీటం వేరే దారిలో వచ్చింది.

హైదరాబాద్‌లో మాత్రం వెతికే కన్నూ పోషించే చెయ్యీ ఒక మనిషిలో కలిశాయి. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా బడి పంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1950లో సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అందులో ఆడినవాళ్లు పోలీసు కొలువు చేసుకుంటూనే ఆడారు. జీతం సర్కారుది, ఆట రహీంది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కించుకుంది, 1962లో జకార్తా ఏషియాడ్ స్వర్ణం తెచ్చింది.

తులసీదాస్ బలరాం కథ చెప్పకుండా రహీం గురించి రాయకూడదు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలోని పేద కుటుంబం ఆయనది. కుర్రవాడి కాలు చూసి రహీం ట్రయల్స్‌కు రమ్మన్నాడు. హైదరాబాద్ దాకా రోజూ వచ్చి పోవడానికి డబ్బు లేదని కుర్రవాడు చెప్పాడు. రాకపోకలకు ఏర్పాటు చేసింది కూడా రహీమే. ఆ కుర్రవాడు మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లో ఆడాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులని పేరు తెచ్చుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. రహీంకు కుర్రవాడి ఆట చూసే చూపు ఉండడమే కాదు, ఇంటికి ఎలా వెళ్తావని అడిగే మనసూ ఉంది. కోచింగ్ పుస్తకాల్లో ఈ రెండోది దొరకదు.

క్రికెట్‌లో ఆ పోషణ బాధ్యత బ్యాంకుల మీద పడింది. సయ్యద్ ఆబిద్ అలీని 1956లో హైదరాబాద్ స్కూల్స్ జట్టుకు ఎంపిక చేసినవారికి నచ్చింది అతని ఫీల్డింగ్. కేరళ మీద 82 పరుగులు చేసినా బహుమతి మాత్రం ఉత్తమ ఫీల్డర్‌గానే వచ్చింది. కొన్నేళ్లకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ క్రికెట్ జట్టు కట్టినప్పుడు అతనికి ఉద్యోగం ఇచ్చింది. అక్కడ మొదట వికెట్ కీపర్‌గా నిలబడ్డాడు, ఆ తర్వాతే బంతి పట్టాడు. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో ఆడిన తొలి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. ఫీల్డర్‌గా ఎంపికైన మనిషి బౌలర్‌గా టెస్టు మైదానంలో మెరిశాడంటే, ఎంపిక చేసినవాళ్లు తప్పు చూశారని కాదు. వాళ్లు చూసింది చురుకైన శరీరాన్ని. ఆ శరీరం ఏ పనికి కుదురుతుందో తేలడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ పదకొండేళ్లలో చాలా భాగం బ్యాంకు జీతం అతన్ని మైదానంలో ఉంచింది.

పోలీసు, బ్యాంకు, రైల్వే, విద్యుత్ బోర్డు కొలువుల తలుపులన్నీ ఎక్కువగా జంట నగరాల్లోనే తెరుచుకున్నాయి. ఆర్మూర్ నుంచి హైదరాబాద్ సుమారు 180 కిలోమీటర్లు. ఊళ్లో పిల్లవాణ్ణి చూడడానికి నగరం నుంచి వచ్చినవారు అరుదు. ఆ లోటు తీర్చింది బడిలో డ్రిల్ సారు. స్కూల్ గేమ్స్ నోటిఫికేషన్ రాగానే మండల స్థాయి, డివిజన్, జిల్లా, రాష్ట్రం అంటూ పిల్లల్ని బస్సెక్కించి తీసుకుపోయేది ఆయనే. ఎక్కడ తినాలో, ఏ బడి వరండాలో పడుకోవాలో చూసేదీ ఆయనే. ఎందరో సార్లు సొంత జేబులోంచి టికెట్లు కొన్నారు. పదేళ్ల తర్వాత ఆ పిల్ల టీవీలో కనిపిస్తే పేరు తలిచేది చివరి కోచ్‌నే. మొదటి టికెట్ కొన్నవారి ముచ్చట ఎక్కడా రాదు. క్రీడా చరిత్ర రాసేవాళ్లు ఈ సార్ల మీద ఇంకా చాలా పని చేయాల్సి ఉంది.

బాక్సర్ నిఖత్ జరీన్ విషయంలో మొదటి చూపు ఇంట్లోనే ఉంది. తండ్రి మహ్మద్ జమీల్ అహ్మద్ తానూ ఆటగాడే. నిజామాబాద్ మైదానంలో కూతురిని మొదట పరుగుకు తీసుకెళ్లాడు. అక్కడ అబ్బాయిలు బాక్సింగ్ చేయడం చూసి అమ్మాయిలెందుకు లేరని పిల్ల అడిగింది. ఆ ప్రశ్న ఆమెను పరుగు గీత నుంచి రింగ్‌లోకి నడిపించింది. స్థానిక కోచ్ శంసముద్దీన్ దగ్గర మొదలుపెట్టి, 2009లో విశాఖపట్నంలో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రానికి చేరి ద్రోణాచార్య గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు శిక్షణలోకి వెళ్లింది. నిక్కర్లు వేసుకుని గుద్దులాడే ఆట ఆడపిల్లకెందుకని బంధువులు అడిగిన రోజులవి. 2011లో టర్కీలోని అంతల్యాలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయ్యింది.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. 2017లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె భుజం కీలు తప్పింది. శస్త్రచికిత్స చేయాల్సి వచ్చి, దాదాపు ఏడాది రింగ్‌కు దూరమైంది. అమెరికా స్కౌట్లు కాలేజీ పిచ్చర్‌లో అన్నిటికన్నా భయపడేది దీనికే. వేగానికి మార్కులు వేయగలరు, భుజం ఎప్పుడు చెడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంకా కఠినమైనది, గాయం తర్వాత మనిషి తిరిగి లేస్తుందా అన్నది. నిఖత్ లేచింది. 2019లో బల్గేరియాలో స్ట్రాంజా టోర్నీ గెలిచింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిత్‌పోంగ్ జుతామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యింది. మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ ప్రపంచ కిరీటం గెలిచింది. పద్నాలుగేళ్ల వయసులో ఆమె గుద్దు చూసినవాళ్లకు ఈ పట్టుదల కనిపించి ఉండదు, కనిపించే వీలే లేదు.

జిల్లా పిల్ల ఒకరు నెగ్గిన ఇంకో ఎంపిక ఉంది. బహుశా దేశంలోనే ఎంతో శ్రద్ధగా జరిగిన ఎంపికల్లో అదొకటి. అప్పట్లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ హయాంలో గురుకుల పిల్లలకు పర్వతారోహణ నేర్పాలని సంకల్పించారు. 110 మందిని భువనగిరి కోట రాతి మీద ఎక్కించి చూశారు. అందులోంచి 20 మంది డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. ఆ తర్వాత లద్దాఖ్ చలిలో శిక్షణ. కోచ్ శేఖర్‌బాబు బచినేపల్లి. చివరకు ఎవరెస్టుకు ఇద్దరు మిగిలారు. ఒకరు ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్, ఇంకొకరు నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ. వ్యవసాయ కూలీల కూతురు, తాడ్వాయి గురుకులంలో చదువుతున్న పిల్ల. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి శిఖరం చేరినప్పుడు ఆమె వయసు పద్నాలుగు ఇంకా నిండలేదు. ఎవరెస్టు ఎక్కిన అతి పిన్న వయసు అమ్మాయిగా రికార్డు ఆమెదే.

ఇక్కడ ఎంపిక చేసినవాళ్లే బూట్లు, తిండి, ప్రయాణం, చదువు అన్నీ చూసుకున్నారు. పిల్ల తండ్రి ఒక్క రూపాయి అప్పు చేయాల్సిన పని లేకపోయింది. రహీం ఒక్కడు ఒక కుర్రవాడికి చేసినది ఇక్కడ ఒక ప్రభుత్వ సంస్థ చేసింది. సిటీ పోలీస్ రోజుల నుంచి ఇప్పటిదాకా ఇంత పూర్తిగా కలిసొచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

బంతి విసిరే చేతుల దగ్గరకు వస్తే, ఈ తరంలో తెలంగాణ నుంచి అందరికీ తెలిసిన భుజం మహ్మద్ సిరాజ్‌ది. హైదరాబాద్ ఆటో డ్రైవర్ మహ్మద్ గౌస్ కొడుకు. చాలాకాలం గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడినవాడు. అకాడమీ చదువు లేదు, నేషనల్ క్రికెట్ అకాడమీ (ఎన్.సి.ఎ.) ముద్ర లేదు. బండికి పెట్రోలు పోయించుకోవడానికి తండ్రి చేతిలో పెట్టిన డబ్బు గురించి అతను ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. 2015 నవంబరులో రంజీ జట్టులోకి వచ్చాడు. మరుసటి సీజన్‌లో హైదరాబాద్ కోచ్‌గా ఉన్న భరత్ అరుణ్ అతని వేగాన్ని నమ్మాడు. ఆ సీజన్‌లో 18.92 సగటుతో 41 వికెట్లు పడ్డాయి. 2017 ఫిబ్రవరి ఐపీఎల్ వేలంలో 20 లక్షల కనీస ధర నుంచి 2.6 కోట్లకు సన్‌రైజర్స్ హైదరాబాద్ కొనుక్కుంది. 2020 చివర్లో ఆస్ట్రేలియా పర్యటనలో ఉండగా తండ్రి చనిపోయాడు. ఇంటికి రాకుండా అక్కడే ఉండి మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు, బ్రిస్బేన్‌లో 5 వికెట్లు తీశాడు. 2025 ఆగస్టులో ఓవల్ మైదానంలో భారత్ 6 పరుగులతో గెలిచిన రోజు చివరి వికెట్ అతనిదే. ఆ సిరీస్‌లో మొత్తం 23 వికెట్లు.

ఇలాంటి చెయ్యి నిజామాబాద్ జిల్లాలో పుట్టి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన రాక మానదు. నగరంలో ఉన్నాడు కాబట్టి నెట్స్ దగ్గరకు వెళ్లగలిగాడు, పెద్దవాళ్ల కంటపడ్డాడు. ఆర్మూర్ కుర్రవాడికి ఆ నెట్స్ చేరడానికే రోజు పోతుంది. వేలం పాటలో కోట్లు పలికే ఆటలో కూడా మొదటి అడుగు ఇంకా బస్సు టికెట్‌తోనే మొదలవుతోంది.

2024లో తెలంగాణ ప్రభుత్వం నిఖత్‌కు, సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. రహీం కాలంలో పోలీసు కొలువు ఆటకు ముందే వచ్చేది. కొలువు ఉంది కాబట్టి కుర్రాళ్లు ఆడగలిగేవారు. ఇప్పుడు అది గెలుపు తర్వాత సన్మానంగా వస్తోంది. ఇద్దరూ దానికి అన్ని విధాలా అర్హులే. అయితే ఇంకా ఏమీ గెలవని పదహారేళ్ల పిల్లకు అదే జీతంలో పదో వంతు అందినా, జిల్లాలో ఆట ముఖమే మారిపోతుంది.

గుగులోత్ సౌమ్య కథ ఇంకో దారి చూపిస్తోంది. నిజామాబాద్ జిల్లా లంబాడా కుటుంబంలో పుట్టి, జిల్లాలోనే ఫుట్‌బాల్ నేర్చుకుంది. కాలి వేగం ఆమె ఆస్తి. ఆడేది అంచున, వింగర్ స్థానంలో. 2022లో ట్రయల్స్‌లో నెగ్గి జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా క్లబ్ దినామో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. ఆమెను జాగ్రెబ్ దాకా తీసుకెళ్లింది పూర్తిగా ఆటే, ఉద్యోగం కాదు, రిజర్వేషన్ కోటా కాదు. తర్వాత స్వదేశానికి వచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. ఆ జట్టు 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలుచుకుంది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అంతకు అరవై ఎనిమిదేళ్ల ముందు, 1957లో, బలరాం హైదరాబాద్ వదిలి చేరింది కూడా కోల్‌కతాలోని ఈ క్లబ్‌లోనే.